వైరు అందినంత దూరం

డాక్యుమెంటరీ అనగానే మన కళ్ల ముందు మెదిలేవి పులులు, మంచుకొండలు, యుద్ధాలు, రాజకోటలు. మన వీధి మలుపులో నలభై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న దర్జీ మీద కూడా డాక్యుమెంటరీ తీయవచ్చునని ఎవరికీ తోచదు. ఆయనకూ మనకూ రోజూ సలాములు నడుస్తాయి. పండుగకు బట్టలు ఆయన దగ్గరే కుట్టిస్తాం. ఆయన పేరు మాత్రం చాలామందికి తెలియదు, 'దర్జీ చాచా' అంతే. ఏ ఊరి నుంచి వచ్చాడో, ఈ పని ఎవరి దగ్గర నేర్చాడో, రాత్రి దుకాణం మూశాక ఇంటికి వెళ్లి ఏం ఆలోచిస్తాడో మనం అడిగిన పాపాన పోలేదు. మన మొహల్లాలు ఇలాంటి తెలిసిన అపరిచితులతో నిండి ఉన్నాయి.

మదరసాలో చదివి పిల్లలకు ఉర్దూ చెప్పుకునే మనిషి సినిమాల గురించి రాయడమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఇది పాటలు, ఫైట్ల సినిమా సంగతి కాదు. ఇరుగుపొరుగు వారి మాటలను పదిలపరచే ఒక పని సంగతి. నేడు ఇంటికొక ఫోను, ఫోనుకొక కెమెరా ఉన్నాయి. పెళ్లి వంటలు, బక్రీద్ మేకలు, పిల్లల కేరింతలు అన్నీ తీస్తున్నాం. పక్కింటి మనిషి చెప్పే నాలుగు మాటలను మాత్రం ఎలా తీయాలో, తీశాక ఏం చేయాలో మనకు తెలియడం లేదు. దాదాపు ఏభై ఏళ్ల కిందట ఒక స్త్రీ తన ఇంటి గడపకు ఎక్కువ దూరం పోకుండానే ఈ పని చేసి చూపించింది. ముందుగా ఆ వృత్తాంతం.

ఒక తల్లి, ఒక వీధి

ఆమె పేరు ఆన్యెస్ వర్దా. ఫ్రాన్స్ దేశపు దర్శకురాలు. మొదట ఫొటోగ్రాఫరు. 1951 నుంచి పారిస్ నగరంలోని 'రూ దాగేర్' అనే వీధిలో ఉండేది. 1839లో లోకానికి తెలిసిన తొలినాటి ఫొటో పద్ధతిని కనిపెట్టిన దాగేర్ అనే ఆయన పేరే ఆ వీధికి పెట్టారు. వర్దాకు 1972లో కొడుకు పుట్టాడు. అప్పటికే ఆమె పేరున్న దర్శకురాలు. కానీ చంటిబిడ్డను వదిలి ఊళ్లు తిరిగి సినిమాలు తీసే వీలు లేదు. ఇంట్లో చిన్న పిల్లలున్న మన ఆడవారికి ఆ ఇబ్బంది ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆమె చేసిన పని ఏమిటంటే, తన ఇంటి కరెంటు ప్లగ్గుకు ఎనభై, తొంభై మీటర్ల పొడవైన వైరు తగిలించింది. ఆ వైరు ఎంతవరకు అందితే అంతవరకే సినిమా అని హద్దు గీసుకుంది. దుకాణదారుల కరెంటు వాడుకుని వారికి భారం కాకూడదన్నది కూడా అందులో ఉంది. ఆ హద్దు లోపల ఎవరున్నారు? రొట్టెలు కాల్చేవాడు, మాంసం కొట్టువాడు, దర్జీ, మంగలి, గడియారాలు బాగుచేసేవాడు, డ్రైవింగు నేర్పేవాడు, అత్తర్లూ బొత్తాలూ అమ్మే ముసలి దంపతులు. వారి పనీ, వారి మాటలూ కలిపి 1976 ప్రాంతంలో 'దాగేరెయోతీప్' అనే చిత్రం తయారైంది. ఆ కాలపు ఫొటోల పేరు, ఆ వీధి మనుషుల పోలిక, రెండూ కలిసివచ్చేటట్టు పెట్టిన పేరది.

దుకాణంలోకి గిరాకీ వస్తుంది. అర కిలో మాంసం అడుగుతుంది. కసాయి తూచి ఇస్తాడు, చిల్లర లెక్కపెడతాడు. కెమెరా ఓ మూల నిలబడి చూస్తూ ఉంటుంది. పనికి అడ్డం రాదు, తొందరపెట్టదు. చేతులను దగ్గరగా చూపిస్తుంది. పిండి పిసికే చేతులు, కత్తెర ఆడించే చేతులు, గడియారపు ముల్లు సరిచేసే చేతులు. ఒక సాయంత్రం అక్కడి కాఫీ హోటలులో ఒక గారడీవాడి ప్రదర్శన జరుగుతుంది. వీధి దుకాణదారులంతా వచ్చి కూర్చుంటారు. గారడీవాడి చేతివాటాన్నీ, ఈ పనివారి చేతుల కదలికలనూ వర్దా పక్కపక్కన పెడుతుంది. చూసేవాడికి, రొట్టె చేయడం కూడా ఆ గారడీకి తీసిపోదు కదా అనిపిస్తుంది.

ఆమె అడిగే ప్రశ్నలు మరీ సాదాగా ఉంటాయి. మీదే ఊరు? ఈ వీధికి ఎప్పుడు వచ్చారు? మీ భార్యను, మీ భర్తను మొదట ఎక్కడ చూశారు? రాత్రి కలలు వస్తాయా? వారిలో చాలామంది ఆ నగరంలో పుట్టినవారు కారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో బతుకుతెరువు కోసం వచ్చినవారు. కొందరు కలలో కూడా పనే వస్తుందంటారు. సమాజం, ప్రభుత్వం, ధరలు అంటూ అభిప్రాయాలు అడగదు. అభిప్రాయం అడిగితే మనిషి నిన్న పత్రికలో చదివినది అప్పజెబుతాడు. మీ నాన్నగారు ఈ దుకాణం పెట్టిన రోజున ఏం అమ్మారు అని అడిగితే కాసేపు ఆగి, పైకి చూసి, తన సొంత మాట మాట్లాడతాడు. బడిలో పిల్లల దగ్గర కూడా నేను చూసింది ఇదే.

చీకటి పడే వేళ

ఆ చిత్రంలో నా మనసును పట్టుకున్నది అత్తర్ల దుకాణపు ముసలావిడ. భర్త సీసాల్లో పరిమళద్రవ్యాలు నింపి ఇస్తూ ఉంటాడు. ఆమెకు జ్ఞాపకం సరిగా లేదని చూడగానే తెలుస్తుంది. చీకటి పడే వేళకు ఆమె లేచి తలుపు దాకా వెళుతుంది, ఎక్కడికో బయలుదేరినట్టు. అక్కడే ఆగిపోతుంది. మళ్లీ వెనక్కు వస్తుంది. భర్త ఓర్పుతో చూసుకుంటాడు. ఇలాంటి పెద్దవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. మగ్రిబ్ వేళకు 'నేను ఇంటికి పోతాను' అని లేచి నిలబడే దాదీమాకు, ఇదే ఇల్లని ఎన్నిసార్లు చెప్పినా తృప్తి ఉండదు.

ఇక్కడే ఒక సందేహం వస్తుంది. తనను తీస్తున్నారని ఆ ముసలావిడకు తెలుసా? తెలిసినా, సరే అనడానికి తగిన తెలివి ఆమెలో మిగిలి ఉందా? భర్త ఒప్పుకుంటే సరిపోతుందా? వర్దా ఆమెను ప్రశ్నలతో వేధించదు. జబ్బు పేరు చెప్పదు, జాలి సంగీతం పెట్టదు. కొంచెం దూరం నుంచి చూసి, ఆమెను ఆమెగా ఉండనిస్తుంది. నా మట్టుకు నేను ఆ దృశ్యం తీసినందుకు వర్దాను తప్పుపట్టలేను. అదే పని మరొకరు చేస్తే ఒప్పుకోగలనా అంటే అనుమానమే. ఆ ముసలావిడ దగ్గర సరుకు కొంటూ ఏళ్ల తరబడి ఆ గడప తొక్కిన పొరుగింటి మనిషి తీయడం వేరు, ఒక పూట వచ్చి పోయేవాడు తీయడం వేరు. సినిమా పూర్తయ్యాక కూడా వర్దా మర్నాడు ఆ రొట్టెల దుకాణానికే వెళ్లాలి, ఆ కసాయి ముఖమే చూడాలి. చిత్రం చివర ఆమె తననూ ఆ వీధి మనిషిగానే చెప్పుకుంటుంది.

పొరుగువాడు తీసే చిత్రానికి ఉన్న కష్టమూ, బలమూ రెండూ ఇందులోనే ఉన్నాయి. పత్రికా విలేకరి రాసి వెళ్లిపోతాడు. మనం వెళ్లిపోయే చోటు లేదు. ఒక చాచా మన దగ్గర నోరు జారి తమ్ముడితో ఉన్న ఆస్తి తగాదా చెప్పాడనుకోండి. అది చిత్రంలో పెడితే చూసేవారికి రుచిగానే ఉంటుంది. వచ్చే జుమాకు ఆ అన్నదమ్ములు ఒకే సఫ్‌లో నిలబడాలి, వారి పక్కన మనం నిలబడాలి. దాన్ని తీసేయాలా వద్దా అన్నది కళకు సంబంధించిన ప్రశ్న కాదు, అమానత్‌కు సంబంధించిన ప్రశ్న. దాచమని ఇచ్చిన సొమ్ము ఎలాంటిదో, నమ్మి చెప్పిన మాట కూడా అలాంటిదే.

తీసినవారికే చూపించడం

వర్దాకు ముందే పారిస్‌లో మరో ప్రయత్నం జరిగింది. 1960 వేసవిలో మానవశాస్త్రవేత్త జాన్ రూష్, సమాజశాస్త్రవేత్త ఎద్గార్ మొరాన్ కలిసి ఒక చిత్రం తీశారు. 1961లో విడుదలైంది. 'ఒక వేసవి వృత్తాంతం' అని దాని పేరుకు అర్థం. అందులో మార్సెలిన్ లోరిదాన్ అనే యువతి టేప్‌రికార్డరు భుజాన వేసుకుని వీధిలో వచ్చేపోయేవారిని ఆపి, మీరు సంతోషంగా ఉన్నారా అని అడుగుతుంది. కొందరు విసుక్కుని వెళ్లిపోతారు. కొందరు నిలబడి కష్టం చెప్పుకుంటారు.

అయితే ఆ చిత్రంలో మరచిపోలేనిది ఇది కాదు. ప్రశ్నలడిగిన మార్సెలిన్ తానే ఒంటరిగా నడుస్తూ, చిన్నతనంలో నాజీలు తననూ తన తండ్రినీ పట్టుకుపోయిన సంగతి, తండ్రి తిరిగి రాని సంగతి తనలో తాను చెప్పుకుంటుంది. ఇతరుల గుండె తలుపు తట్టేవాడు తన తలుపు కూడా కొంచెం తెరవాలన్నమాట. ఇక చివరగా, మాట్లాడినవారందరినీ ఒక హాలులో కూర్చోబెట్టి తీసినదంతా వేసి చూపించారు. వారిలో వారికే పడలేదు. ఇంత సొంత విషయం బయటపెట్టడం సిగ్గుమాలినతనమని కొందరు, కొందరు నటించారని మరికొందరు వాదించుకున్నారు. దర్శకులు ఆ వాదనను కూడా చిత్రంలోనే ఉంచారు.

మన పిల్లలు ఈ పద్ధతిని తప్పకుండా నేర్చుకోవాలి. బయటివారికి చూపకముందే మాట్లాడినవారికి చూపించాలి. ఇజాజత్ ఒకసారి కాదు, రెండుసార్లు అడగాలి. మాట్లాడకముందు ఒకసారి, తన ముఖం, తన గొంతు తెర మీద చూసుకున్నాక మరోసారి. రెండోసారి వద్దంటే ఆ ముక్క తీసేయవలసిందే. దానివల్ల చిత్రం చప్పబడినా సరే. ఈ రోజుల్లో వాట్సాప్‌లోకి వెళ్లిన ముక్కను వెనక్కి తెచ్చుకోలేం.

పొరుగువారు కాకపోయినా పొరుగువారిగా మారి తీసినవారూ ఉన్నారు. బ్రెజిల్ దర్శకుడు ఎద్వార్దో కౌతిన్యో రియో నగరంలో 12 అంతస్తులు, 276 ఫ్లాట్లు ఉన్న ఒక పాత భవనంలోనే ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని, తన బృందంతో అక్కడివారిని కలిసి 2002లో ఒక చిత్రం తెచ్చాడు. ఒకే కప్పు కింద అంతమంది, ఎవరికెవరు ఏమీ కారు. మన నగరాల్లో అపార్టుమెంట్లకు మారిన కుటుంబాలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

కెమెరా చూస్తే తలుపు ఎందుకు వేస్తారు?

పారిస్ కసాయి నవ్వుతూ కెమెరా ముందు నిలబడ్డాడు కదా, మన మొహల్లాలో ఎందుకు నిలబడరు అని యువకులు అడుగుతారు. దానికి కారణాలు ఉన్నాయి. హైదరాబాదు పాతబస్తీకి కెమెరాలు ఎప్పుడు వచ్చాయో గుర్తు చేసుకోండి. కర్ఫ్యూ పెట్టినప్పుడు వచ్చాయి. 2007 మే 18న, శుక్రవారం, మక్కా మసీదులో పేలుడు జరిగినప్పుడు వచ్చాయి. ఆ తర్వాత ఎందరో యువకులను పట్టుకుపోయి ప్రశ్నించారు. కేసులు ఎదుర్కొన్నవారు తర్వాత కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటికే వారి ముఖాలు ఇంటింటి టీవీలోనూ కనిపించాయి. 'నీ పేరేమిటి, ఏ ఊరు, ఎప్పుడు వచ్చావు' అన్నవి పారిస్‌లో పలకరింపు ప్రశ్నలు కావచ్చు. ఇక్కడ అవే ప్రశ్నలు ఠాణాలో వినిపించిన ప్రశ్నలు. వాటిని కెమెరా పట్టుకుని అడిగితే ఒక తల్లి తలుపు వేసుకోవడంలో ఆశ్చర్యమేముంది?

ఆ భయం మధ్యలోనే మాట్లాడించినవారు కూడా ఉన్నారు. 1984లో హైదరాబాదులో జరిగిన మతహింస మీద దీపా ధన్‌రాజ్ 'క్యా హువా ఇస్ షహర్ కో' అనే డాక్యుమెంటరీ తీశారు. 1986లో వచ్చింది. ఈ నగరానికి ఏమైంది అని అర్థం. అప్పట్లో శాంతి కోసం పనిచేస్తున్న హైదరాబాద్ ఏక్తా అనే బృందంతో కలిసి తీసిన చిత్రమది. నాయకుల ఉపన్యాసాలూ ఉన్నాయి, నష్టపోయిన పేదల మాటలూ ఉన్నాయి. తర్వాతి కాలంలో బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సంస్థ దాన్ని డిజిటల్ రూపంలో పదిలపరచింది. మన నగరపు గొంతులను ఎక్కడో జర్మనీలో దాచిపెట్టవలసి వచ్చింది. సంతోషించాలో, నొచ్చుకోవాలో తెలియదు.

కాబట్టి మన వీధుల్లో కెమెరా చివరకు బయటికి తీయవలసిన వస్తువు. ముందు నాలుగు రోజులు ఊరికే వెళ్లి కూర్చోండి. చాయ్ తాగండి. ఎందుకు అడుగుతున్నారో, ఎవరికి చూపిస్తారో, ఎవరి అబ్బాయో, ఎవరి అమ్మాయో స్పష్టంగా చెప్పండి.

పటేల్ షాటు, సంఘం షాటు

ఇందుకు మంచి ఉదాహరణ మన తెలుగు నేలలోనే, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ నీడలో అక్కడి దళిత రైతుకూలీ స్త్రీలు, వారిలో చదవను రాయను రానివారు సైతం, 1990 దశకం చివరి నాటికి వీడియో తీయడం నేర్చుకున్నారు. జొన్నలు, విత్తనాలు, తమ ఊరి కష్టసుఖాల మీద చిత్రాలు తీశారు. 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' కూడా మొదలుపెట్టారు.

కెమెరా కోణాలకు ఆ స్త్రీలు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందకు చూసేది పటేల్ షాటు. దొర గద్దె మీద కూర్చుని కింద ఉన్నవారిని చూసే చూపు అది. నేల మీద కూర్చున్నవాడు దొరను తలెత్తి చూసే చూపు అణిగి ఉన్నవారి చూపు. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాటు. సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు గనుక. సినిమా బడిలో ఏళ్ల తరబడి చెప్పే పాఠాన్ని వారు మూడు ముక్కల్లో తేల్చేశారు. చెప్పులు కుట్టే పెద్దాయనను తీయాలంటే మీరు నిలబడి తీయకూడదు, ఆయన పక్కన నేల మీద కూర్చోవాలి.

స్త్రీల విషయం ఇక్కడే చెప్పాలి. మన ఇళ్లలో ఒక ఖాలా కెమెరాకు ముఖం చూపడానికి ఇష్టపడకపోవచ్చు. బలవంతం చేయకూడదు. అలాగని ఆమెను చిత్రంలోంచి తీసేయనూ కూడదు. పరుపులు కుట్టే చేతులు, జరీ పని చేసే వేళ్లు, గాజులకు రాళ్లు అతికే పనితనం చూపవచ్చు. ఒప్పుకుంటే గొంతు వినిపించవచ్చు. గొంతు కూడా వద్దంటే ఆమె చెప్పినది మరొకరు చదివి వినిపించవచ్చు. అసలు వారితో మాట్లాడవలసింది మన ఆడపిల్లలే. మగపిల్లలకు దొరకని సగం మొహల్లా వారికి దొరుకుతుంది. అమ్మాయి బయటికి ఎందుకని ఆపే తండ్రులకు వర్దా వైరు గుర్తు చేస్తున్నాను. ఆమె సినిమా అంతా ఇంటి ప్లగ్గు నుంచే నడిచింది.

రివాయత్ సంగతి

పరికరాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఫోను చాలు. కానీ బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే ఎవరూ కూర్చోరు. ఫ్యాను ఆపండి, చిన్న మైకు చొక్కాకు తగిలించండి, గిరాకీ వస్తే రికార్డింగు ఆపి పక్కకు జరగండి. ఆయన మాట్లాడడం ఆపగానే మరో ప్రశ్న వేయకండి. కొంచెం ఆగితే అసలు మాట అప్పుడు వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మదరసా చదువు ఈ పనికి బాగా అక్కరకొస్తుంది. ఎవరైనా ఒక మాట చెప్పగానే, ఇది నువ్వు స్వయంగా చూశావా, ఎవరి దగ్గరైనా విన్నావా, వారు ఎవరి దగ్గర విన్నారు అని గొలుసు పట్టుకుని అడగడం మా ఉస్తాదులు నేర్పిన అలవాటు. పెద్దవారు తమ తండ్రి చూసినదాన్ని తామే చూసినట్టు చెబుతుంటారు. అది అబద్ధం కాదు, వందసార్లు విని వినీ తమదైపోయింది. 1908 మూసీ వరద గురించి ఎవరు చెప్పినా అది విన్న మాటే. 1948 సెప్టెంబరు పోలీసు చర్యను ఊహ తెలిసిన వయసులో చూసినవారు నేడు ఎనభైల్లో, తొంభైల్లో ఉన్నారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో బిడ్డలను చెట్టుకు కట్టుకుని బతికిన తల్లులు కూడా ముసలివారైపోయారు. వీరితో మాట్లాడేందుకు వచ్చే వేసవి సెలవుల దాకా ఆగడం తెలివైన పని కాదు. చత్తాబజార్‌లో చేతితో ఉర్దూ రాసే కాతిబులు కంప్యూటరు వచ్చాక ఎంత తగ్గిపోయారో తెలిసిందే. దూది ఏకే విల్లు మోత మన వీధుల్లో ఎన్నాళ్లయింది విని? ఆ మోతను నోటితో అనుకరించి వినిపించగల తాత ఒకరైనా మీ వీధిలో ఉండవచ్చు.

తీసిన తర్వాత ఒక ప్రతి ఆ ఇంటివారికి ఇవ్వండి, ఫోనులో కాకుండా చిన్న పెన్‌డ్రైవులో, పైన పేరు, తేదీ రాసి. వర్దా 2005లో, డెబ్బై ఏళ్లు దాటాక, మళ్లీ అదే వీధి మీద ఒక చిన్న చిత్రం తీసింది. 2019 మార్చి 29న కన్నుమూసే వరకు ఆమె చిరునామా ఆ వీధే.